కార్లు కొరికే జేబెజ్ ట్విగర్

మా వెథరల్ మోటారు కార్ఖానాలో తయారైన ఏ కారైనా సరే, గేటు దాటేముందు దాన్ని జేబెజ్ ట్విగర్ కొరకాల్సిందే. ఈ మాట బర్మింగ్‌హామ్‌లో ఉన్న మా బావమరిదితో అంటే, తాగి వాగుతున్నావు పొమ్మన్నాడు. తాగింది నిజమే. కొరకడమూ నిజమే.

కోవెంట్రీలో జేబెజ్‌ది మా పక్కిల్లు. రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒకటే ఇటుక గోడ కాబట్టి ఆయన సంసారం నాకు తెలిసినంతగా ఆయనకే తెలియదు. పొట్టి మనిషి, పొగాకు రంగు మీసం, పొగాకు రంగు పళ్ళు. తనకు తెలియని విషయం లోకంలో ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. పావురాలకు ఏం మేపాలో, పార్లమెంటులో ఎవరేం మాట్లాడాలో, మా అత్తగారి మోకాలి నొప్పికి ఏ నూనె రాయాలో, అన్నిటికీ ఆయన దగ్గర తీర్పు సిద్ధంగా ఉండేది. అవతలివాడు చెప్పేది వినే అలవాటు మాత్రం లేదు.

ఎలా ఉంటుంది, ఆయనకు చెవుడాయె. చిన్నప్పుడు ఎర్రజ్వరం వచ్చి రెండు చెవుల్లోనూ చీము పట్టింది. జ్వరం పోతూ పోతూ వినికిడిని కూడా వెంట తీసుకుపోయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి సగం, ఊహించి సగం నెట్టుకొచ్చేవాడు. తన గొంతు తనకు పుర్రె లోపల్నుంచి బాగానే వినబడేది గనక ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడేవాడు. మిగతావాళ్ళది వినబడదు గనక అంతమందిలో శ్రుతిలో ఉన్నది తానొక్కడే అనుకునేవాడు. ఈ చెవుడు సంగతి ఆయన భార్య కెజాయాకీ, గోడ ఇవతలున్న నాకూ మా ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియదు. కార్ఖానాలో ఎవరికీ అనుమానం కూడా రాలేదు. ఎదుటివాడి మాట చెవిన పెట్టకపోవడం అక్కడి ఫోర్‌మన్లందరికీ ఉన్న గుణమే.

అలాంటివాడికి కార్ల చప్పుడు పరీక్షించే ఉద్యోగం ఎలా వచ్చిందంటే, గొప్పలు చెప్పుకుని సంపాదించాడు. అంతకుముందు బాయిలర్ల షెడ్డులో పనిచేశాడు. ఆ సుత్తుల మోతకు మిగతావాళ్ళు తలలు పట్టుకుంటుంటే ఈయన హాయిగా ఈల వేసుకుంటూ తిరిగేవాడు. "ఆ మోతలో అన్నేళ్ళున్నా నా చెవులు చెక్కుచెదరలేదండి" అని మా యజమాని ఆగస్టస్ వెథరల్ దొరగారికి చెప్పుకున్నాడు. ఇంత గట్టి చెవులే మనకు కావాలని దొరగారు అక్కడికక్కడే పనిలో పెట్టుకున్నారు.

దొరగారి తాత గడియారాలు చేశాడు, తండ్రి సైకిళ్ళు చేశాడు, ఈయన కార్లలోకి దిగారు. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: ఇంకాస్త మెరుగుపరచాలి. ఆఫీసు తలుపు గడియను మెరుగుపరిస్తే ఒక గుమాస్తా సాయంత్రం దాకా లోపలే ఇరుక్కుపోయాడు. భోజనాల గంటను మెరుగుపరిస్తే అది మోగడం మానేసింది. మనిషి మంచివాడే, కాదనను. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వడం ఒక్కటే ఆయనకు చేతకాదు.

ఆ రోజుల్లో పెద్దింటివాళ్ళ మోజంతా చప్పుడు లేని కారు మీదే. వాళ్ళ తాతముత్తాతలు గుర్రపు డెక్కల చప్పుడులో కునుకు తీసినవాళ్ళు, వేటకుక్కల అరుపుల్లో పెరిగినవాళ్ళు. వీళ్ళకి మాత్రం ఉన్నట్టుండి చెవులు సుకుమారమైపోయాయి. కారు కదిలిన సంగతి లోపల కూర్చున్న దొరసానికి తెలియకూడదట. ఎంత వేగం పోతుందని ఎవరూ అడగరు, బ్రేకు పడుతుందా అని అసలే అడగరు. బానెట్టు మీద నిండు గ్లాసు పెట్టించి, చేతులు కట్టుకుని నిలబడి, ఇంజను నడుస్తోందా ఆగిందా అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు. నాకు ఒళ్ళు మండేది.

మా కారుకు ఆ విషయంలో ఒక జబ్బుండేది. ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ తిరుగుతూ, వాల్వులు ఎత్తే ఇంకో షాఫ్టును పళ్ళ చక్రాలతో తిప్పుతుంది. ఆ చక్రాలు ఉక్కువి. ఒకదాని పళ్ళు ఇంకోదాని పళ్ళకు తగిలి సన్నగా ఈల వేసేవి. ఎక్కడి చక్రం, ఎందుకు వేస్తోంది అన్నది మా ఇంజనీర్లకు అంతుచిక్కలేదు.

ఇంజను లోపలి చప్పుడు పట్టుకోవడానికి అందరిదీ ఒకటే పద్ధతి. ఉక్కు కడ్డీ ఒక కొన ఇంజనుకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకోవాలి. జేబెజ్ కూడా అలాగే పెట్టుకుని, ఏమీ వినబడక, నోటికొచ్చింది చెప్పి కొన్నాళ్ళు గడిపాడు. ఇక దొరికిపోతాడు అనుకుంటుండగా ఒకరోజు చేతులు తుడుచుకోవడానికని కడ్డీని పళ్ళమధ్య పట్టుకున్నాడు. అవతలి కొన తిరుగుతున్న ఇంజనుకు తగిలింది. ఇంజను తిప్పి స్టార్టు చేసే పని నాది కాబట్టి నేను ఎదురుగానే ఉన్నాను. మనిషి ఉన్నచోటే బిగుసుకుపోయాడు. చేతిలో గుడ్డ కిందపడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెవుల దారి మూసుకుపోయినా ఎముకల దారి తెరిచే ఉందన్నమాట. పళ్ళలోంచి ఇంజను మొత్తం ఆయన పుర్రెలోకి వచ్చింది.

"ఒరే లెమ్, ఇది ఈల వేస్తోందిరా" అన్నాడు నాతో. "ఎంత దరిద్రంగా వేస్తోందో."

ఆ రోజు నుంచి కొరకడం మొదలు. అక్కడ కొరికి, ఇక్కడ కొరికి, ఫలానా చోట ఆనిస్తే కుడి దవడ ఎక్కువ జుమ్మంటోందని చెప్పేవాడు. ఇంజనీర్లు ఆ చోటు విప్పి చూశారు. ఆలోచించింది వాళ్ళే, ఆ మాట ఒప్పుకోవాలి. చక్రాల పళ్ళను నిటారుగా కాకుండా ఏటవాలుగా కోయించారు, ఢీకొట్టుకోకుండా జారుతూ కలుస్తాయని. ఈల సగం తగ్గింది. తర్వాత జతలో ఒక చక్రాన్ని ఉక్కుతో కాకుండా పచ్చితోలు పొరలు అదిమి చేయించారు. ఉక్కు పళ్ళు తోలు పళ్ళలో పడితే చప్పుడు పుట్టదు, పుట్టినా తోలు మింగేస్తుంది. ఈల పూర్తిగా ఆగిపోయింది. పేరు దొరగారికి వచ్చింది. సారాయి దుకాణంలో మాత్రం ఆ పని మొత్తం తన దవడే చేసిందని జేబెజ్ చెప్పుకునేవాడు.

దవడ దారి తప్పిన రోజులూ ఉన్నాయి. ఒక వారమంతా వచ్చిన కారునల్లా వెనక్కి పంపాడు, ఇరుసులో ఏదో గుర్రుమంటోందని. ఇరుసులన్నీ విప్పారు, ఏమీ దొరకలేదు. ఆ వారం కెజాయా ఇంట్లో రోజూ బఠానీలే వండింది. గుర్రుమన్నది ఆయన కడుపేనని నేను మొత్తుకున్నా ఒప్పుకోలేదు, పైగా నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

పరీక్ష అయ్యాక చెప్పాల్సిన మాట కూడా స్థిరపడింది. చప్పుడుంటే ఎక్కడుందో చెప్పేవాడు. లేకపోతే కడ్డీ నోట్లోంచి తీసి "ఏమీ వినబడలేదు" అనేవాడు. ఆ మాట వినగానే నేను బానెట్టు మీద సుద్దతో సున్నా చుట్టేవాణ్ణి, కారు అమ్మకానికి పోయేది. మా షెడ్డులో ఆ మాటకు ఇంకో అర్థం లేకుండా పోయింది. బీరు బాగుంటే ఏమీ వినబడలేదనేవాళ్ళం. ఎవరికైనా చక్కని బిడ్డ పుడితే చూసొచ్చి ఏమీ వినబడలేదనేవాళ్ళం.

కొరికిన కారు కావాలని దొరలు ఎగబడటం మొదలుపెట్టారు. కొనేముందు వచ్చి చూసేవాళ్ళు, వెంట బంధువులను తెచ్చుకునేవాళ్ళు. ఊళ్ళో ఇంకో రెండు కార్ఖానాలవాళ్ళు కూడా కొరికే మనుషులను పెట్టుకున్నారు. ఆ మనుషులకు చెవులు శుభ్రంగా పనిచేస్తాయి, కొరకాల్సిన అవసరమే లేదు. అయినా జీతం ఇస్తున్నారు కదా అని కొరికారు.

ఇంట్లో సంగతి వేరు. ఉక్కు కడ్డీ కనిపెట్టిన వారంలోనే కెజాయా చెక్క గరిటె కనిపెట్టింది. సాయంత్రం పొయ్యి దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. గరిటె ఒక కొన ఆయన పళ్ళమధ్య, రెండో కొన ఆవిడ గొంతుకు ఆనించుకుని మాట్లాడుతుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన పెళ్ళాం గొంతు మొదటిసారి విన్నాడు. మొదటిసారి విన్నది కూడా తిట్లే. అన్నేళ్ళు దాచిపెట్టుకున్నవి ఉంటాయి కదా, వరసగా దులిపేసింది. ఆయన గరిటె కొరుక్కుని నవ్వీ నవ్వీ, చొంగ కార్చుకుంటూ, ఇంకా తిట్టమన్నాడు. గోడ ఇవతల నేనూ మా ఆవిడా పొట్టలు పట్టుకున్నాం. తర్వాత తర్వాత తిట్లు తగ్గి కబుర్లు వచ్చాయి. బజారులో ఉల్లిపాయలు ఎలా ఉన్నాయో, చనిపోయిన తమ పిల్ల ఏడ్చేటప్పుడు గొంతు ఎలా ఉండేదో, అన్నీ ఆ గరిటె మీదుగానే వెళ్ళేవి. బయటి లోకం ఆయన లోపలికి రావడానికి ఉన్న ద్వారం ఆ పొగాకు రంగు పళ్ళు ఒక్కటే.

ఆ పళ్ళ మీదే కన్నుపడింది లేడీ టార్లింగ్టన్‌కు. లార్డ్ టార్లింగ్టన్ ఆవిణ్ణి వెంటబెట్టుకుని కారు చూడటానికి వచ్చాడు. దేశంలో ఎవణ్ణయినా వెలేసి మాట్లాడటం మానేస్తే వాణ్ణి కోవెంట్రీ పంపించాం అంటారు కదా, అందుకే ఇక్కడి కార్లు కూడా మాట్లాడవన్నమాట అని లార్డుగారు ఛలోక్తి విసిరారు. ప్రతివాడూ వేసే ఛలోక్తే అది, అందరం నవ్వాం. అప్పుడు జేబెజ్ కడ్డీ అందుకుని, పెదాలు వెనక్కి లాగి, పళ్ళన్నీ బయటపెట్టి, తళతళలాడే ఇంజను మీదికి వంగాడు. దొరసాని రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. అంత అందమైన కారును అంత అసహ్యమైన నోటితో ముట్టుకోనిస్తారా అని కంప్లైంటు.

దొరగారి మొహం వెలిగిపోయింది. మెరుగుపరచడానికి ఏదో దొరికినప్పుడు ఆయన మొహం అలాగే వెలుగుతుంది.

క్రిస్మస్‌కు ముందు కార్ఖానా వాళ్ళందరికీ ఏటా విందు ఉంటుంది. ఆ ఏడు వేయించిన మాంసం, పుడ్డింగు అయ్యాక దొరగారు లేచి మాట్లాడారు. మన చక్రాలకు పాత పళ్ళు తీసి కొత్త పళ్ళు పెట్టాం, మన కారు దేశంలోకెల్లా గొప్పదైంది అన్నారు. అలాగే మన ట్విగర్‌కు కూడా పాత పళ్ళన్నీ తీయించి కొత్త పళ్ళు పెట్టిస్తున్నాం, లెమింగ్టన్‌లో లార్డులకు పళ్ళు కట్టే డాక్టరుతో, కంపెనీ ఖర్చుతో అన్నారు. హాలంతా బల్లలు చరిచింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మా వీధుల్లో అంతకు మించిన మర్యాద లేదు. నోట్లో పళ్ళన్నీ ఒకేసారి పీకించేసుకుని పింగాణీ వరస పెట్టుకుంటే ఆ మనిషి జీవితంలో స్థిరపడ్డట్టే. కూతురికి పెళ్ళి కుదిరితే రేపు అల్లుడికి డాక్టరు ఖర్చు తగలకూడదని తండ్రులు ముందే ఆ పిల్ల పళ్ళు పీకించి కొత్త వరస కట్టించి కానుకగా ఇస్తారు. కెజాయాకు వాళ్ళ నాన్న అలాగే ఇచ్చాడు.

జేబెజ్ ఆ సందడి చూశాడు గానీ విషయం అర్థం కాలేదు. నేను నా పళ్ళు చూపించి, లాగేస్తున్నట్టు సైగ చేశాను. ముందు ఛాతీ పొంగింది. ఆ తర్వాత మొహం పాలిపోయింది.

మర్నాడు సాయంత్రం నన్ను వాళ్ళింటికి పిలిచారు. జేబెజ్ అద్దం ముందు నిలబడి పెదాలు ఎత్తి చూసుకుంటున్నాడు. తెల్లటి వరస తనకు బాగానే ఉంటుందేమో అన్న ఆశ కూడా ఉంది ఆయనలో, అబద్ధమెందుకు. కెజాయా గరిటె తెచ్చి ఆయన నోట్లో పెట్టింది.

"నా పళ్ళు మా నాన్న పీకించాడు. నన్నడగలేదు" అంది గొంతుకు ఆనించుకుని. "నువ్వు ఒప్పుకోకు. రేపు పొద్దున్నే వెళ్ళి నిజం చెప్పేయ్."

ఆయన గరిటె తీసి జవాబు చెప్పాడు. "నిజం చెప్తే ఇంకెవడు కొరకనిస్తాడే? చప్పుడు లేని కారుకి చెవిటోడు పరీక్ష చేశాడంట అని దేశమంతా నవ్వుద్ది. నన్నూ తంతారు, దొరగారూ మునిగిపోతాడు."

"మరి పళ్ళు పోతే నా మాట ఎలా వింటావయ్యా?" అంది కెజాయా, గరిటె మళ్ళీ ఆయన నోట్లో పెట్టి.

ఆయన గరిటె నోట్లోంచి తీశాడు. ఇన్నాళ్ళూ విన్నది చాల్లేవే అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆవిడకూ రాలేదు.

వెళ్ళాడు పాపం. దొరగారి గదిలో టోపీ నలుపుకుంటూ, ఈ పళ్ళతోనే నాకు, ఈ పళ్ళతోనే నాకు అని రెండుసార్లు మొదలుపెట్టాడట. దొరగారు భుజం తట్టి, భయపడకు ట్విగర్, గ్యాసు ఇస్తారు, నొప్పి తెలియదు అన్నారట. తర్వాత వాక్యం నోట్లోంచి రాలేదు. ఉద్యోగం ఒకపక్క, పెళ్ళాం గొంతు ఇంకోపక్క. ఏది ఎంచుకున్నా నోరు విప్పాల్సిందే. లెమింగ్టన్‌లో నోరు విప్పాడు.

చిగుళ్ళు మానేదాకా సెలవిచ్చారు. గంజిలాంటి పులుసులు తాగి బతికాడు. షెడ్డులో కార్లు వరసగా నిలబడిపోయాయి, కొరికేవాడు లేక. చివరికి కొత్త వరస వచ్చింది. గట్టి రబ్బరుతో చేసిన ఎర్రటి చిగుళ్ళు, వాటిలో తెల్లటి పింగాణీ పళ్ళు, పక్కల బంగారు కొక్కేలు. జేబెజ్ నవ్వితే పియానో మూత తీసినట్టుండేది. వీధి వీధంతా వచ్చి చూసి, ఏమీ వినబడలేదు, ఏమీ వినబడలేదు అని మెచ్చుకుంది.

ఆ సాయంత్రమే గరిటె తీశారు. కెజాయా గొంతుకు ఆనించుకుని మాట్లాడింది. ఆయన కొత్త పళ్ళతో గట్టిగా కొరికాడు. గరిటె మీద గాటు పడింది గానీ మాట రాలేదు. పళ్ళ వరస తీసేసి వట్టి చిగుళ్ళతో పట్టుకున్నాడు. నుదుటికి ఆనించుకున్నాడు, కణతకు ఆనించుకున్నాడు. ఎక్కడో దూరాన బండి పోతున్నట్టు గొణుగుడు తప్ప అందులో మాట లేదు. ఉక్కు పళ్ళ చప్పుడును తోలు మింగేస్తుందని కనిపెట్టి జేబులు నింపుకున్న కంపెనీ అది. మనిషి నోట్లో రబ్బరు పెట్టేటప్పుడు ఆ ముక్క ఒక్క ఇంజనీరుకూ గుర్తురాలేదు.

లార్డ్ టార్లింగ్టన్ కారు అప్పగించే రోజు వచ్చింది. దొరసాని కూడా వచ్చింది, ఈసారి రుమాలు లేకుండా. పత్రికలవాళ్ళను పిలిపించారు. నేను ఇంజను తిప్పాను. జేబెజ్ కడ్డీ అందుకుని వంగాడు. పింగాణీ పళ్ళు ఉక్కు మీద టక్కుమన్నాయి. దొరసాని ఎంత చక్కగా ఉన్నాయో అంది.

ఆయన చాలాసేపు అలాగే ఉన్నాడు. కళ్ళు మూసుకుని, కడ్డీని ఈ చోటి నుంచి ఆ చోటికి మారుస్తూ, దవడలు నొప్పిపుట్టేలా బిగించాడు. నాకు మామూలు చెవులకే తెలుస్తోంది, ఈ కారులో తోలు చక్రం సరిగ్గా అమరక మళ్ళీ సన్నగా ఈల వస్తోంది. ఆయన కడ్డీ తీసి దొరగారివైపు తిరిగాడు. ఇన్నాళ్ళూ దాచింది చెప్పేయాలని తెగించిన మొహం అది, నాకు తెలుసు.

"దొరగారూ, నాకేమీ వినబడటంలేదండి" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు.

జేబెజ్ చేతులు అడ్డంగా ఊపాడు. గొంతు పెంచి, అది కాదండి, నిజంగానే నాకు ఏమీ వినబడటంలేదు, ఒక్క ముక్క కూడా వినబడటంలేదు అన్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఇంత గట్టిగా ఏ కారుకూ చెప్పలేదని దొరగారు లార్డుగారి చెవిలో అన్నారు. జేబెజ్ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే, మనవాడికి పనంటే ఎంత ప్రేమో చూశారా అని పత్రికలవాళ్ళకు చూపించారు. వాళ్ళు రాసుకున్నారు.

అక్కడి నుంచి మా కార్ఖానాకు మంచిరోజులు వచ్చాయి. ప్రతి కారూ మొదటి కొరుకుడులోనే గట్టెక్కింది. వెనక్కి వచ్చేది ఒక్కటీ లేదు. చక్రాల పని ఇక పరిపూర్ణమైందని ఇంజనీర్లు ఆ నమూనా కాగితాలు చుట్టచుట్టి బీరువాలో పెట్టేసి, సీట్ల గుడ్డ రంగు మీద పడ్డారు. తోలు చక్రం అమరిందో లేదో పట్టుకునేవాడు లేక, బయటికి పోయిన కార్లు ఈల వేస్తూనే పోయాయి. కొన్నవాళ్ళకు ఫిర్యాదు లేదు, ట్విగర్ కొరికిన కారులో చప్పుడుండదని వాళ్ళకు తెలుసు. లేడీ టార్లింగ్టన్ అయితే ఆ ఈల విని, ఇంజను అంత నిశ్శబ్దంగా ఉండబట్టే దారిలో పిట్టలు కూడా వినబడుతున్నాయని ఉత్తరం రాసింది. దాన్ని అద్దం కట్టించి ఆఫీసులో పెట్టారు.

ఇంట్లో పొయ్యి దగ్గర రెండు కుర్చీలు ఉన్నాయి, మాట లేదు. ఇద్దరిలో ఒకరూ ఏడ్చేవాళ్ళు కాదు. గోడ ఇవతల మాకు ఆ నిశ్శబ్దం భరించలేనట్టు ఉండేది. మా ఆవిడ కావాలని గిన్నెలు చప్పుడు చేసేది.

వసంతం వచ్చాక ఒక శనివారం కెజాయా మంచి టోపీ పెట్టుకుని కార్ఖానాకు వచ్చి, నన్ను దొరగారి గదికి తీసుకెళ్ళమంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడ కూర్చోలేదు.

"మా ఆయనకి చెవులు వినబడవు బాబూ" అంది. "చిన్నప్పట్నుంచీ అంతే. పళ్ళతో వినేవాడు. ఆ పళ్ళు మీరు పీకించేశారు."

దొరగారు నావైపు చూశారు. నేను తలూపాను. ఆయన లేచి ముందు తలుపు మూశారు, తర్వాత కిటికీ మూశారు. ఈ సంగతి ఇంకెవరికి తెలుసని అడిగారు. ఎవరికీ తెలియదన్నాక ఊపిరి పీల్చుకుని కూర్చున్నారు. ఆ తర్వాతే పాపం ఆయనకు మనిషి గుర్తొచ్చాడు. మొహం నిజంగానే వాడిపోయింది. ట్విగర్ బతికున్నంతకాలం ఈ ఉద్యోగం ఆయనదే, జీతం కూడా పెంచుతాను, కొరకడం ఒక్కటీ మానకుండా ఉంటే చాలు అన్నారు.

"ఇంకేం కావాలో చెప్పమ్మా" అన్నారు.

"సాయంత్రం పూట నేను తిడుతుంటే ఆయన వినేవాడు బాబూ. విని నవ్వేవాడు. అది కావాలి."

దొరగారికి కళ్ళు చెమర్చాయి, నేను చూశాను. తర్వాత నెమ్మదిగా చెయ్యి పెన్సిలు వైపు పోయింది. కాగితం లాక్కుని ఒక దవడ బొమ్మ గీశారు. రబ్బరు బదులు పూర్తిగా లోహంతో చేయించి, రెండు మేకులు ఎముకలోకి దిగేసినట్టయితే, చప్పుడు నేరుగా పోయే అవకాశం ఉంది, మావాళ్ళు ఇంకాస్త మెరుగుపరిస్తే అంటూ ఆవిడకు చూపించబోయారు. కెజాయా ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"వద్దు బాబూ, మీకు పుణ్యముంటుంది. మా ఇంట్లో ఇంక దేన్నీ మెరుగుపరచకండి."

శనివారం కాబట్టి మధ్యాహ్నానికే పని ముగిసింది. జేబెజ్ గేటు దగ్గర కనబడితే ఆవిడ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఎందుకొచ్చావని ఆయన అడగలేదు. ముగ్గురం కలిసే ఇళ్ళకు బయల్దేరాం. దారంతా ఆవిడ ఆయనతో మాట్లాడుతూనే నడిచింది, ముందుకే చూస్తూ, పెదాలు ఆయనకు కనబడకుండా. ఉల్లిపాయల ధర గురించి కాసేపు, వాళ్ళ పిల్ల గురించి కాసేపు, ఆయన మొండితనం మీద పాత తిట్లు కాసేపు. ఆయన చల్లగాలికి మీసం దువ్వుకుంటూ, పావురాలు ఎగురుతున్నాయేమోనని ఇళ్ళ కప్పుల వైపు చూస్తూ నడిచాడు. నాకు ప్రతి ముక్కా వినబడుతోంది. వినలేక కొంచెం వెనకబడ్డాను.